ఎడారిలో కూలర్ల దుకాణం

మా ఆయన రమాకాంత్‌కు దుబాయి పిచ్చి ఎక్కింది హన్మకొండలో ఒక హోటల్ ఏసీ హాల్లో, పనీర్ బిర్యానీ తింటూ. అంతకు ముందు ఆయన దృష్టిలో దుబాయి అంటే ఖర్జూరాల డబ్బా. మే నెలలో దుబాయిలో కంపెనీలు పెట్టించే ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మా బజారులో షాపు షాపుకూ తిరిగి మీటింగు కార్డులు పంచారు. ‘ఎడారి నగరంలో నివసించడానికి, వ్యాపారం చేయడానికి పది కారణాలు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చిన్న అక్షరాల్లో భోజనం ఉంటుందని ఉంది. మా వాళ్ళు చదివింది ఆ చిన్న అక్షరాలే. మండుటెండలో, కూలర్లకు మంచి గిరాకీ ఉన్న రోజున, బజారు బజారంతా కదిలి హన్మకొండకు పోయింది.

మాది వరంగల్ స్టేషన్ రోడ్డు దగ్గర ఒక సందులో కూలర్ల దుకాణం. ఎండాకాలంలో నిలబడే చోటుండదు, వానలు పడితే ఈగ కూడా రాదు. మా మామగారు కట్టించిన షాపు కాబట్టి కాగితాల మీద మా ఆయన పేరుంటుంది. గల్లాపెట్టె ముందు మాత్రం నేనుంటాను. పొద్దున షట్టర్ తీసేదీ, నీళ్ళు చల్లేదీ, ఏ కూలర్‌కు ఏ మోటారు పడుతుందో చెప్పేదీ నేనే. ఆయన పదకొండింటికి వచ్చి, టీ తాగి, మార్కెట్ ఎట్లా ఉందో కనుక్కోవడానికి పక్క షాపులకు పోతాడు. ఆడదానికి ఇంట్లో వంటగది రాజ్యమని అనేవాళ్ళు మా వంటగది చూడలేదు. అందులో ఎండాకాలం అరగంట ఉంటే ఎవరైనా రాజ్యం వదిలేసుకుంటారు. నాకు నాదీ అనిపించే చోటు ఈ లోకంలో ఒక్కటే, ఆ గల్లాపెట్టె ముందర.

హన్మకొండ నుంచి వచ్చిన రాత్రి మా ఆయన చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టాడు.

“వినోదా, అక్కడ సంపాదించినదాని మీద ఇన్‌కం టాక్స్ లేదంట.”

“ఇక్కడ మీరెన్నడు కట్టిన్రు?” అన్నాను.

మా షాపులో బిల్లు కావాలంటే గిరాకీ గట్టిగా అడగాలి. గట్టిగా అడిగితే, బిల్లు బుక్కు అయిపోయింది, ప్రెస్సులో ఉంది అని ఈయనే చెప్తాడు. ఆ బుక్కు ప్రెస్సుకు పోయి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.

“సేఫ్టీ సూడు. కార్ల తాళాలు కార్లనే వెట్టి పోతరంట. ఎవ్వడు ముట్టడంట.”

“మన స్కూటర్‌కు తాళమే లేదు గదా. ఎవడన్న ముట్టిండా?”

“నీకు తెల్వది, నువ్వూకో. రెండు వందల దేశాలోళ్ళు ఒక్క దగ్గర కలిసిమెలిసి ఉంటరంట. నువ్వెవ్వరని అడిగేటోడే లేడంట.”

ఇది విన్నప్పుడు మాత్రం నాకు నిజంగా ఒళ్ళు మండింది. మా ఇంటి మీది పోర్షన్ ఏడాదిగా ఖాళీగా ఉంది. అడగడానికి వచ్చిన ప్రతివాడినీ ఈయన మెట్ల మీదే నిలబెట్టి, ఏ ఊరు, ఇంటి పేరేంది, గుడ్డు తింటారా అని విచారించి పంపించేస్తాడు. చక్కగా బ్యాంకులో పనిచేసే పిల్ల ఒకతె వస్తే, ఆమె ఇంటి పేరు విని మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మనిషికి ఇప్పుడు రెండు వందల దేశాల వాళ్ళతో కలిసిమెలిసి ఉండాలనిపించింది.

“మీది పోర్షన్‌ల ఒక్క దేశంవాళ్ళనే ఉంచలేకపోతిరి,” అన్నాను.

“అది వేరే,” అన్నాడు.

వినాయక చవితికి చందాలడిగేవాళ్ళు అక్కడ ఉండరన్నది ఇంకో కారణం. మా బజారు ఉత్సవ కమిటీకి కోశాధికారి ఈయనే. ఏటా రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని షాపు షాపుకూ తిరిగి జనాన్ని పీడించేది ఎవరో కాదు. తన బాధ నుంచి తానే పారిపోవడానికి దుబాయి దాకా పోవాలనుకున్న మనిషిని నేను ఈయననే చూశాను.

అన్నిటికన్నా పెద్ద కారణాన్ని చివరికి దాచుకున్నాడు. కంచం ముందు కూర్చున్నాక, గొంతు తగ్గించి చెప్పాడు.

“యాభై డిగ్రీలు. ఆలోచన చెయ్యి. మన దగ్గర నలభై మూడు దాటితెనే సరుకు దొరకది. అక్కడ యాభై. అండ్ల మన కూలర్లు వెడితె ఎట్లుంటది?”

ఆయన కళ్ళల్లో ఆ యాభై డిగ్రీలు మెరిసిపోతున్నాయి. నేను పప్పు వడ్డించాను.

వర్ధన్నపేట వైపు నుంచి, నెక్కొండ వైపు నుంచి దుబాయి పోయి వచ్చినవాళ్ళు మా షాపుకు ఏటా వస్తూనే ఉంటారు. వాళ్ళలో ఒక్కరినైనా అడిగి చూశారా అంటే మా ఆయనకు నామోషీ అయింది. “వాళ్ళు కూలికి పోయిన్రు. మనం ఓనర్ల లెక్క పోతం,” అన్నాడు. ఎడారికి పోయినా ఎండ ముందు కూలివాడి మీదనే పడుతుందని ఆయన నమ్మకం.

ప్లాను ఏమిటంటే, ముందు కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టాలి. వాళ్ళు అక్కడ మా పేరు మీద కంపెనీ పెడతారు. మిగతా పైకం మూడు నెలల్లో కట్టాలి. అది ఎక్కడి నుంచి వస్తుందంటే, షాపు అమ్మితే వస్తుంది. షాపు ఎవరు కొంటారంటే, కొనడానికి కిషన్ రావు గోడ అవతలే కూర్చుని ఉన్నాడు. ఆయనది బీరువాల దుకాణం. మధ్య గోడ కొట్టేస్తే షాపు ఎంత విశాలమవుతుందో పదేళ్ళుగా ఆయన ఆ గోడను చూసే చూపులోనే తెలిసేది. మా ఆయన దుబాయి మాటెత్తినప్పటి నుంచి కిషన్ రావు మాకు రోజూ టీ పంపడం మొదలుపెట్టాడు.

“నీ అసొంటోడు ఈ సందుల ఉండుడే తప్పు రమాకాంత్,” అనేవాడు. “నీ దిమాగ్‌కు ఇంత చిన్న ఊరు సరిపోది.” ఆ దిమాగ్‌కు ఏ మోటారు ఎంతకు అమ్మాలో నన్నడిగితే గానీ తెలియదని కిషన్ రావుకూ తెలుసు.

నేను వద్దన్నాను. మంచిగా చెప్పాను, కొట్లాడాను, రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను. నేను మాట్లాడటం లేదన్న సంగతి ఆయనకు మూడో రోజున కిషన్ రావు చెప్తే తెలిసింది.

జులైలో వానలు పట్టాయి. ఒక రోజు నెక్కొండ నుంచి మొగిలయ్య అనే రైతు, మే నెలలో మా దగ్గర కొన్న కూలర్‌ను ఆటోలో వేసుకుని వచ్చి షాపు ముందు దించాడు.

“సేటూ, గాలైతె వస్తాంది గని సల్లగ లేదు. ఒళ్ళంత జిగట జిగట అయితాంది. మిషిన్ల ఏదో ఖరాబైంది.”

మా ఆయన నవ్వాడు. ప్రతి వానాకాలం వచ్చే ఫిర్యాదే ఇది. దీనికి జవాబు చెప్పడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

“మిషిన్ మంచిగనె ఉంది మొగిలన్నా. గాలిల తడి ఉంటె కూలర్ పని చెయ్యది. ఎండ ఎంతున్నా ఫికర్ లేదు, గాలి మాత్రం పొడిగ ఉండాలె. ఉక్కపోతల కూలర్ వెట్టుకుంటె తానం చేసి ఒళ్ళు తుడ్సుకోనట్టే ఉంటది.”

మొగిలయ్య గొణుక్కుంటూ కూలర్‌ను మళ్ళీ ఆటో ఎక్కించుకున్నాడు. కన్సల్టెన్సీ వాళ్ళ రంగుల పుస్తకం కౌంటర్ మీదే ఉంది. అట్ట మీద నీలంగా సముద్రం, దాని ఒడ్డునే ఆకాశానికి తగిలే మేడలు. దాన్ని మా ఆయన ముందుకు జరిపాను.

“ఇది సముద్రమేనా?”

ఆయన ఆ బొమ్మ వైపు చాలాసేపు చూశాడు.

“అక్కడ అందరికి ఏసీలుంటయంట,” అన్నాడు, చిన్నగా.

“మరి కూలర్ ఎవరు కొంటరు?”

ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. పడుకునే ముందు, “పొద్దున్నే పోయి వద్దని చెప్పొస్త,” అన్నాడు. నేను చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఆయన స్నానం చేసి, మనసు మారకముందే చెప్పేయాలని తొందరగా హన్మకొండ పోయాడు. గంటన్నరకు తిరిగి వచ్చాడు. చేతిలో ఒక ఫైలు ఉంది, జేబులో కొత్త పెన్ను ఉంది.

“సంతకం వెట్టొచ్చిన,” అన్నాడు. “చెక్కు గూడ ఇచ్చిన.”

నేను కుర్చీలోంచి లేచాను.

“నా మాటిను వినోదా. నేను పోయేసరికి ఆ కన్సల్టెన్సీల పనిచేసే హరీష్ పిలగాడు అప్పుడే ఆఫీసు తెరిచిండు. ఇంక ఊదుబత్తి పొగ గూడ పోలేదు. నేనే మొదటి మనిషిని. ‘సార్, మీ చేతి బోణీ’ అని నిలవడ్డడు. బోణీ బేరం ఎట్ల చెడగొడుదు చెప్పు?”

తిడదామని నోరు తెరిచాను. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. బజారులో పుట్టి పెరిగినవాళ్ళకు ఇంకేదైనా చెప్పి ఒప్పించవచ్చు, బోణీ సంగతిలో మాత్రం ఒప్పించలేం. పొద్దున వచ్చిన మొదటి మనిషిని ఉత్త చేతుల్తో పంపకూడదు. నష్టానికైనా సరే, ఏదో ఒకటి అమ్మాలి. ఎదుటివాడి దుకాణంలో మనమే మొదటి మనిషిమైతే ఏదో ఒకటి కొనకుండా మెట్టు దిగకూడదు. మామూలుగా అట్లా అగ్గిపెట్టో అరటిపండో కొంటాం. ఈయన కంపెనీ కొన్నాడు. ఆ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకే గట్టిగా తెలియదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

ఇక మిగిలింది షాపు అమ్మడమే. ఆ రాత్రి నేను ఏడ్చాను. ఏడ్చినందుకు సిగ్గు లేదు. ఆ చోటు పోతే నేను ఎవరి భార్యనో, ఎవరి కోడలినో అవుతాను గానీ వినోదను కాను.

తెల్లవారి నేను షట్టర్ తీసి నీళ్ళు చల్లి ఊదుబత్తి వెలిగించానో లేదో, కిషన్ రావు వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు. చేతిలో తమలపాకులు, వాటి మీద పైసలున్న ఒక కవరు, ఇంకో చేతిలో అగ్రిమెంటు కాగితం. ఎన్నడూ లేనిది మా ఆయన కూడా అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని అప్పుడర్థమైంది.

“మంచి యాళ్ళ, చెల్లె,” అన్నాడు కిషన్ రావు. “ఇయ్యాల బోణీ నా చేత్తోని కానియ్యి.”

ఆ వేళ ఆయన ఏరి కోరి పెట్టుకున్నది. మా షాపులో బోణీ పైసలు ఎప్పుడూ నా చేతికే ఇస్తారు. పైసలు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేది నేనే. నేను తీసుకుంటే బేరం కుదిరినట్టే, తర్వాత సంతకం లాంఛనం. బోణీ కాదనే ఆడది మా బజారులో ఇంకా పుట్టలేదని కిషన్ రావు ధీమా.

కవరు నా ముందుకు వచ్చింది. నా చెయ్యి అలవాటు కొద్దీ లేవబోయింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

“తీస్కో వినోదా, బోణీ,” అన్నాడు మా ఆయన.

“నాకద్దు.”

“ఏందీ?” అన్నాడు కిషన్ రావు.

“ఈ బోణీ నాకద్దు కిషన్ రావన్నా. తీస్కపోండ్రి.”

“బోణీ కాదంటానవా, చెల్లె?”

“కాదంటాన.”

కవరు గాలిలో కాసేపు నిలబడింది. దేవుడి పటం కిందపడినా మా ఆయన మొహం అట్లా పాలిపోదు. కిషన్ రావు తమలపాకుల మీది నుంచి కవరు తీసి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

“ఆమె సంగతి ఇడిసిపెట్టు. నువ్వేమంటవ్ రమాకాంత్?”

మా ఆయన అగ్రిమెంటు వంక చూశాడు, గల్లాపెట్టె వంక చూశాడు. “బోణీ చెడింది గదన్నా,” అన్నాడు నీరసంగా. “ఇంక ఏ కాగితం మీద సంతకం వెట్టినా కలిసి రాది.”

కిషన్ రావు అప్పుడు మెట్టు దిగి పోయినవాడు మళ్ళీ ఎక్కలేదు. టీ కూడా ఆగిపోయింది. బోణీ తిప్పి పంపిన బేరాన్ని మా బజారులో మళ్ళీ ఎవరూ ఎత్తరు.

ఆ రోజంతా వాన. ఒక్క గిరాకీ రాలేదు. మా ఆయన పక్క షాపులకు కూడా పోకుండా కూర్చుని, చీకటి పడే వేళకు లెక్క తీశాడు.

“అడ్వాన్సు పోయినట్టే గద.”

“పోతె పోనియ్యున్రి.”

“షాపు అమ్ముడు నీకంత ఇష్టం లేదని నాకేమెర్క? చెప్తె నేనే వద్దందును.”

కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు నాకు. అయినా ఒక మాట అడగాలనిపించింది.

“దుబాయికి పది కారణాలు చెప్పిన్రు. మీకు ఇక్కడ ఉండెటందుకు ఒక్కటి చెప్పున్రి.”

మా ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. పైన స్లాబు వంక చూశాడు, వరసగా ఉన్న కూలర్ల వంక చూశాడు, బయట వాన వంక చూశాడు. చివరికి ఆయన మొహం విప్పారింది.

“సొంత షాపు. కిరాయి లేదు,” అన్నాడు.

నేను ఆయనకు ఎదురుగానే కూర్చుని ఉన్నాను.