భూరీ చెవి

సైరన్ మోగలేదు కాబట్టి తెల్లవారిందో లేదో చాంద్‌బీకి తేలలేదు. ఇన్నేళ్లుగా ఆమె లేవడం, నీళ్లు పట్టుకోవడం, ఇంత తిని నడుం వాల్చడం అన్నీ గని సైరన్‌ను బట్టే. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి భూపాలపల్లి గనులు మూతపడ్డాయి. సైరనూ నోరు మూసుకుంది. బయట కాకులు అరుస్తున్నాయి. కాకుల్ని నమ్మి పనిలోకి దిగడం ఆమెకు అలవాటు లేదు. కాసేపు చాప మీద కూర్చుని, మళ్లీ పడుకుందామా అనుకుని, రేకుల సందులోంచి వెలుగు కాళ్ల మీద పడ్డాక లేచింది.

మోటారు గదిని ఆనుకుని వేసిన రేకుల పంచే ఆమె ఇల్లు. ఎదురుగా తోట. కార్మికుల క్వార్టర్ల రెండు వరుసల నడుమ ఒకప్పుడు చెత్త పోసే జాగా అది. కట్టయ్య అనే కార్మికుడు ముందుపడి, పదిమందిని పోగుచేసి, మట్టి తోలించి తోట చేశాడు. ఇంటికో మడి. మెంతికూర, కొత్తిమీర, వంకాయ, ఒక పక్కగా బీరపందిరి. మడులు వాళ్లవి, నీళ్లు పెట్టడం, కలుపు తీయడం, కోళ్లనూ మేకలనూ అదిలించడం చాంద్‌బీ పని.

పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన జుట్టు కొసల్లో ఎర్రగా, మొదళ్లలో తెల్లగా ఉంటుంది. ఎప్పుడూ తడిలో ఉండడంతో కాలి వేళ్ల సందులు పాచిపోయి ఉంటాయి. ముంజేతుల నిండా గీతలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. అవన్నీ పిల్లులు పెట్టినవి.

తోట వచ్చాక ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం పిల్లులు వచ్చాయి. వాటిని పెంచుతున్నానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒకరోజు చికెన్ సెంటర్ వాడు పారేయబోయిన పేగులు తెచ్చి వేసింది. మర్నాడు కూడా అవి వచ్చి అదేచోట కూర్చున్నాయి, అంతే. మనుషులతో ఆమెది తెలుగు. పిల్లులతో మాత్రం ఉర్దూలో మాట్లాడుతుంది. భర్త యాకూబ్ పోయాక, బిడ్డ అల్ఫియా పెళ్లై పాలకుర్తికి వెళ్లాక, ఆ మాటలు వినేవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు.

పైపు తీసి మెంతికూర మడిలో పెట్టింది. నీళ్లు మట్టిలోకి ఇంకుతుంటే బీరపందిరి కింద నుంచి భూరీ వచ్చింది. మట్టిరంగు ఒళ్లు, కడుపు కింద తెలుపు. వచ్చి ఆమె పిక్కకు తల రాసింది.

"నై మా, ఆజ్ కుచ్ నై," అంది చాంద్‌బీ, దాని వైపు చూడకుండా.

రాత్రి నుంచి భూరీకి ఏమీ పెట్టవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఈరోజు దాని ఆపరేషన్.

ఆ ఎండాకాలమే పశువుల దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు మేఘన. తోటలో పిల్లుల గుంపును చూసి, వీటికి ఆపరేషన్లు చేస్తే సంఖ్య పెరగదు, ఎలుకల పని ఎలాగూ చూసుకుంటాయి అని కట్టయ్యతో చెప్పింది. "పిల్లులకు గూడ కుటుంబ నియంత్రణనా మేడమ్!" అని కట్టయ్య నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. చాంద్‌బీ పైపు పట్టుకుని అవతలి మడికి పోయింది.

కట్టయ్యది చెడ్డ మనసు కాదు. వానాకాలంలో భూరీ ఈనిన పిల్లలు ఒకదాని వెంట ఒకటి చచ్చిపోతే, కుళ్లు వాసనకు తట్టుకోలేక ముక్కుకు తువ్వాల కట్టుకుని తనే తీసి పూడ్చాడు. కానీ ఆడవాళ్లు ఊరుకోలేదు. విత్తనం వేసిన మడి వేసినట్టే పిల్లులు తవ్వేస్తున్నాయని అతని భార్య ఉప్పలమ్మే ముందు మొదలుపెట్టింది. చివరకు అతను తేల్చి చెప్పాడు. ఆపరేషన్ అయిన పిల్లులు తోటలో ఉంటాయి. కానివాటిని సంచిలో వేసి అడవిలో వదిలేస్తారు. ఏది అయిందో ఏది కాలేదో తెలియడానికి డాక్టరమ్మ ఒక గుర్తు పెట్టింది. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస కత్తిరిస్తుంది. ఇప్పుడు తోటలో పిల్లులన్నిటికీ ఎడమ చెవి మొండిగా ఉంది. భూరీ ఒక్కటే మిగిలింది.

దాన్ని పట్టడానికి ఏదైనా నీచు వాసన కావాలి. సమ్మెలో చికెన్ సెంటర్ మూసేశారు. చాంద్‌బీ పైపు కట్టేసి మెయిన్ రోడ్డుకు నడిచింది.

రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డున మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద డేగిసలు. ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు. టెంటు కింద డప్పు మోగుతోంది, ఎవరో పాడుతున్నారు. లారీలు అల్లంత దూరాన ఆగిపోయి ఉన్నాయి. వంకాయలు తమ తోటవేనని చాంద్‌బీ గుర్తుపట్టింది. టెంటు పక్కన మెడలో గులాబీ కండువాతో కట్టయ్య కనిపించాడు. చాలా రోజులుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగింది.

"అన్నా, నేను సమ్మెల ఉన్ననా, లేనా?"

కట్టయ్యకు ముందు అర్థం కాలేదు. "ఏందవ్వా?"

"అందరు పని బందు పెట్టిన్రు. నేను రోజు నీళ్లు పెడ్తున్న. తప్పా గది?"

అతను నవ్వబోయి ఆగాడు. తల గోక్కున్నాడు. "సకల జనులంటే అందరు. నువ్వు గూడ జనమే. గానీ నువ్వు నీళ్లు పెట్టకుంటే తోట ఎండుతది. తోట ఎండితే గీ పొయ్యి మీదికి ఏం రావాలె? నువ్వు పెట్టు."

"అయితే సమ్మెల లేనట్టేనా?"

"ఉన్నట్టే అవ్వా. ఉన్నట్టే అనుకో." ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

ఉన్నదో లేనిదో ఆమెకు ఇంకా తేలలేదు. అన్నం కలుపుతున్న ఉప్పలమ్మ, పిల్లిని పట్టడానికి నీచు కావాలన్న సంగతి విని, ఇంటికి మనిషిని పంపి గుప్పెడు ఎండు చేపలు తెప్పించింది. కాగితంలో చుట్టి ఇస్తూ అంది. "పిల్లులు గూడ తెలంగాణయే గదనే, ఉపాసం పెడ్తమా? గానీ చాంద్‌బీ, ఇయ్యాలతోని గా భూరీ ముచ్చట ఒడవాలె. నా మెంతులు మళ్ల తవ్విందంటే ఊకోను."

"ఒడుస్తదక్కా," అంది చాంద్‌బీ.

దారి పొడుగునా కాగితంలోంచి చేపల వాసన వస్తూనే ఉంది. ఈ ఆపరేషన్ సంగతికి ఆమెకు గార్ల బడి గుర్తొచ్చింది. పెళ్లై గార్లలో ఉన్న రోజులు. బడిలో ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. అప్పటికి అల్ఫియా నడుస్తోంది, అజహర్ చంకలో ఉన్నాడు. ఇద్దరు చాలన్నారు. ఎవరన్నారో ఆమెకు ఇప్పుడు గుర్తు లేదు. నర్సమ్మ అన్నదో, యాకూబ్ అన్నాడో. జీపు వచ్చింది, ఎక్కింది. బల్లలన్నీ బయట వేసి, గదిలో నేల మీద ఆడవాళ్లను వరుసగా పడుకోబెట్టారు. ఒకామె ఏడుస్తోంది, ఒకామె పకపకా నవ్వుతోంది. డాక్టరు మొహం కూడా ఆమె చూడలేదు, గొంతు మాత్రం వినిపించింది. "నెక్స్ట్" అనేవాడు.

మరుసటి వానాకాలంలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని అజహర్ పోయాడు. కడుపు కోసుకున్నావు కాబట్టి అల్లా ఇచ్చింది తీసుకున్నాడని అత్త అంది. మౌలానా అట్లా ఏమీ లేదన్నాడు. యాకూబ్ ఏమీ అనలేదు. మళ్లీ పెళ్లి చేసుకొమ్మని అందరూ అతని చెవినిల్లు కట్టుకుని పోరారు, చేసుకోలేదు. పొట్ట కోసం భూపాలపల్లి వచ్చి గని గేటు దగ్గర సైకిళ్లు బాగుచేస్తూ బతికాడు. బతికినన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదు. అది ప్రేమో, కోపమో, అతనూ చెప్పలేదు, ఆమే అడగలేదు. ఆ క్యాంపు మంచిదో చెడ్డదో కూడా ఆమె ఎవరినీ అడగలేదు. అడగడానికి అది ఎవరి సంగతో ఆమెకు తెలియలేదు.

భూరీని పట్టడం కష్టం కాలేదు. కష్టమైతే బాగుండుననిపించింది. చేప వాసనకు వచ్చి ఒడిలోనే కూర్చుంది. మెడ మీద చేయి వేసి గోనెసంచిలోకి దించితే ఒకసారి గోకింది, తర్వాత ఊరుకుంది. సంచిలోంచి దాని వెచ్చదనం చేతికి తగులుతోంది.

ఎండ తిరిగాక మేఘన స్కూటీ మీద వచ్చింది. "నేను గూడ సమ్మెలనే ఉన్న," అంది హెల్మెట్ తీస్తూ. "ఇది డ్యూటీ గాదు, మాటిచ్చిన కాబట్టి వచ్చిన." క్వార్టర్ల బడి కూడా సమ్మెకు మూసి ఉండడంతో కట్టయ్య అక్కడి బల్ల ఒకటి తెప్పించి మోటారు గది ముందు వేయించాడు. మేఘన దాని మీద పాత పేపరు, పేపరు మీద తెల్లగుడ్డ పరిచింది. సూది వేసింది. చాంద్‌బీ చేతుల్లోనే భూరీ మెల్లగా బరువెక్కి, తల వాల్చింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"చూస్తున్నదా?"

"లేదమ్మా. మత్తుల గట్లనే ఉంటయి."

వెల్లకిలా పడుకోబెట్టి బ్లేడుతో కడుపు మీది బొచ్చు తీసింది. కింద లేత గులాబీ చర్మం బయటపడింది. మేఘన అక్కడ వేళ్లు పెట్టి నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది. కత్తి అందుకోబోయిన చేయి వెనక్కి తీసుకుంది.

"కడుపుతోని ఉన్నది," అంది.

చాంద్‌బీ బొచ్చు తీసిన చోటు వైపు వంగి చూసింది.

"ఇంక చిన్నగనే ఉన్నయి. ఇప్పుడు చేస్తే అవి గూడ పోతయి. చెయ్యొచ్చు, చేస్తరు కూడ. వద్దంటే ఇట్లనే వదిలేస్త, మత్తు దిగినంక లేచి పోతది." మేఘన తలెత్తింది. "మీరే చెప్పుండ్రి. ఏం చేద్దాం?"

చాంద్‌బీ వెనక్కి చూసింది, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. బీరపందిరి మీద ఒక తూనీగ ఉంది.

"నన్నా?"

"మిమ్మల్నే. దీన్ని సాకేది మీరు గద."

వానాకాలంలో చచ్చిన పిల్లలు ఆమె కళ్లలో మెదిలాయి. ఇవీ అట్లాగే పోతే? ఉప్పలమ్మకు ఏం చెప్పాలి? కట్టయ్య సంచి పట్టుకుని వస్తే? చేయించడమే మంచిది. చెయ్యమనడానికి నోరు తెరిచింది. కానీ చేయి భూరీ కడుపు మీదికి పోయింది. దూరంగా రోడ్డు మీద డప్పు మోగుతూనే ఉంది. గార్ల బడిలో ఎవరైనా వంగి, ఏం చేద్దామమ్మా అని అడిగి ఉంటే తను ఏమనేది? వద్దనేదా? ఏమో, చెయ్యమనేదేమో.

"నాకు సమజైతలేదు బిడ్డా," అంది చివరకు. "దాన్ని అడగాలె గద."

"అది చెప్పదు గదమ్మా."

"హౌ, నిజమే. చెప్పలేదు." చాంద్‌బీ చెంగుతో కన్ను తుడుచుకుంది. అది ఎప్పుడూ నీరు కారే కన్నే. "చెప్పలేనిదాన్ని కొయ్యొద్దు. ఇడిసిపెట్టు."

మేఘన తల ఊపి చేతి తొడుగులు తీయబోయింది. చాంద్‌బీ ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాక, డాక్టరు చేయి కదా అని వదిలేసింది.

"చెవి మాత్రం కొయ్యి."

"ఏంటి?"

"చెవి. లేకుంటే అడవిల పారేస్తరు దీన్ని. చెవి కోసినవనుకో, కడుపెవరు చూస్తరు?"

మేఘన భూరీ పొట్ట వైపు చూసింది. "నెలన్నరల పిల్లల్ని పెడ్తది. అప్పుడేం చెప్తరు?"

"ఏమో. అప్పుడు జూద్దాం."

"నన్నడుగుతరు. ఆపరేషన్ చేసినంక ఎట్ల ఈనిందంటరు."

"సమ్మెల చేసింది కాబట్టి సక్కగ పడలేదని చెప్పు."

మేఘనకు నవ్వు ఆగలేదు. గుడ్డ అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆమె ఎందుకంత నవ్విందో చాంద్‌బీకి తెలియలేదు కానీ, తనకూ నవ్వొచ్చింది. తర్వాత మేఘన కత్తెర తీసుకుంది. చిన్న చప్పుడు. దూదితో చెవి అదిమి పట్టి, రక్తం ఆగాక మందు రాసింది. "ఇది మన ఇద్దర్ల మధ్యనే," అని స్కూటీ ఎక్కింది.

సాయంత్రం కట్టయ్య వచ్చాడు. అరిచి అరిచి అతని గొంతు పోయింది. భూరీ గంపలో పాత చున్నీ మీద పక్కకు ఒత్తిగిలి ఉంది.

"అయిందా అవ్వా?"

"చెవి జూడన్నా."

అతను వంగి చూశాడు. వేలితో దాని తల మీద ఒక్కసారి రాశాడు. "పాపం," అన్నాడు. "ఒక బాధ ఒడిసింది." ఇంకేదో చెబుదామని నిలబడి, ఉదయం ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చిందేమో, "నువ్వు సమ్మెల ఉన్నట్టేనవ్వా. టెంటుల అడిగిన, అందరు గదే అన్నరు," అని వెళ్లిపోయాడు.

ఆ మాటకు కలిగింది సంతోషమో, సిగ్గో ఆమెకు తెలియలేదు. పక్కనే కూర్చుని భూరీ పొట్ట ఎగిరిపడడం చూస్తూ ఉంది. పొద్దు వాలుతుండగా అది తల ఎత్తింది. లేచి పడింది. మళ్లీ లేచింది. తాగినట్టు తూలుతూ గంప దాటింది. చాంద్‌బీ దాచిన ఎండు చేప ముక్క ముందు పెట్టింది. భూరీ వాసన చూసి, తినకుండా, ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో ఆమెకు ఎంత చూసినా అర్థం కాలేదు. తర్వాత అది మెంతికూర మడి గట్టు మీదుగా నడిచి, కంచె కింద నుంచి దూరి, మూసి ఉన్న గని వైపు దారిలో పోయింది. "భూరీ, ఆజా," అని చాంద్‌బీ ఒకసారే పిలిచింది. గట్టిగా పిలిస్తే ఎవరైనా వచ్చి, కోసిన పిల్లి అప్పుడే ఎట్లా నడిచిందని అడుగుతారని భయం.

మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఎక్కడ పిల్లల్ని పెట్టిందో, అసలు పెట్టిందో లేదో ఎవరికీ తెలియదు. కట్టయ్య మాత్రం, ఆపరేషన్ అయితే కొన్ని అట్లా ఇల్లు మరుస్తాయని అందరికీ చెప్పాడు.

భూరీ వెళ్లిన ఆ సాయంత్రమే, చీకటి పడకముందు బల్ల కడుగుదామని చాంద్‌బీ నీళ్లు తెచ్చింది. పేపరు తీసి మడిచింది. బల్ల అంచున చెక్క పగులులో వేపాకు కొసంత ముక్క ఒకటి అంటుకుని ఉంది. బయటి వైపు మట్టిరంగు, లోపలి వైపు లేత గులాబీ, దాని మీది సన్నని వెంట్రుకలు గాలికి ఇంకా కదులుతున్నాయి.