ఇంటాయన చేతికిచ్చిన మిషను

నేను ఒక కుట్టు మిషనుని. ఆ 'కుట్టు' అన్న మాట ముందు తగిలించకపోతే ఎంత గొడవ అవుతుందో రేపల్లె దగ్గరి ఆ చిన్న చర్చిలో కూర్చున్నవాళ్ళని అడగండి. ఆ ఆదివారం పాస్టరు ఫిలోమోను గారు ప్రసంగం ముగించి, కళ్ళజోడు తుడుచుకుని, "దేవుని చిత్తమైతే వచ్చే నెలలో మన సంఘం నుంచి ఆఫ్రికాకి మిషను బయల్దేరుతుంది. మన ఇస్సాకు కూడా దాంతోపాటే వెళ్తాడు" అని ప్రకటించారు. వెనక వరసలో, గరగరలాడే ఫ్యాను కింద కూర్చున్న సలోమి గుండెలు బాదుకుంటూ లేచింది. ఆవిడ టైలరు ఇస్సాకు భార్య.

"అయ్యగారో! మా ఆయన్ని మిషనరీగా పంపుతారా? ఆయన కళ్ళు మూస్తే వచ్చేది ప్రార్థన కాదండీ, గురక! ఆడ జనాన్ని మార్చేది అటుంచి, మంచం ఏడుందని అడుగుతాడండీ ఈ మనిషి!"

"మిషనరీ కాదమ్మా తల్లీ, మిషను! కుట్టు మిషను! నీ మొగుడు ఆడ పిల్లలకి కుట్టుపని నేర్పి ఏడాదికల్లా వచ్చేస్తాడు."

"కుట్టు మిషనా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" సలోమి కొంగుతో ముక్కు తుడుచుకుని కూర్చుంది. "అట్టయితే రెండిట్నీ తీసుకెళ్ళండి. ఏది బాగా పనిచేస్తే దాన్ని ఆడే ఉంచేసుకోమనండి."

చర్చి చర్చంతా నవ్వింది. ఇస్సాకు కూడా నవ్వాడు. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని బతికినవాడు గనక పెదాలు కదలకుండా నవ్వడం వచ్చు.

నా తల లూధియానాలో పోతపోశారు. కాళ్ళు విజయవాడ గవర్నరుపేటలో దొరికాయి. కొట్టువాడు రెండిట్నీ బిగించి ఇచ్చాడు. తలా తోకా లేని దాన్నని ఎవరూ అనలేరు, తోక ఒక్కటే తక్కువ. నన్ను కొన్నది స్త్రీల సమాజం. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు పూటపూటకీ ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. కొందరి పిడికిలి పెద్దది, కొందరి ఇల్లు చిన్నది. ఇంట్లో పిల్లలు ఇంకొంచెం అన్నం అడిగిన రోజున కూడా ఆ పిడికెడు తీసినవాళ్ళున్నారు. అందుకే నేను ఇనుముతో చేసిన దాన్నని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

పంపే రోజు నా మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అందాకా బాగానే ఉంది. అభిషేకం లేకుండా ఎలా అని సలోమి ఇంట్లోంచి కొబ్బరినూనె తెచ్చి నా ప్రతి చిల్లులోనూ భక్తిగా పోసింది. దాని ఫలితం డెడ్జాలో తెలిసింది. మలావి దేశంలో కొండల మీది ఊరది, జూన్ వచ్చిందంటే చలి కరిచేస్తుంది. చలికి కొబ్బరినూనె ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? తెల్లారేసరికి నేను బిగుసుకుపోయాను. ఇస్సాకు నా మూత విప్పి, లోపల తెల్లగా పేరుకున్నది వేలితో తీసి వాసన చూసి, "ఓసి నీ భక్తి తగలెయ్యా!" అని సముద్రం ఇవతల నుంచి భార్యని తిట్టుకుని, ఆ రాత్రి ఫోనులో మాత్రం నూనె చక్కగా పనిచేసిందని చెప్పాడు.

మమ్మల్ని పిలిపించింది 'ఒలీవ కొమ్మ' అనే క్రైస్తవ సేవాసంస్థ. బావులు తవ్వించడం, మేకలివ్వడం, చదువు ఆగిపోయిన కుర్రాళ్ళకీ ఆడపిల్లలకీ చేతిపని నేర్పడం వాళ్ళ పని. వడ్రంగం నేర్చినవాడికి రంపం, కుట్టు నేర్చినవాళ్ళకి మిషను సొంతంగా ఇచ్చి పంపుతారు. అంటే మిషను తరఫున మిషన్లన్నమాట.

అక్కడ పెళ్ళైన ఆడమనిషిని గౌరవంగా 'అమాయి' అంటారు, అమ్మ అని అర్థం. ఇస్సాకు చెవిలో అది 'అమ్మాయి' అయి కూర్చుంది. పళ్ళూడిన ముసలమ్మలు కనబడినా "ఏం అమ్మాయీ, బాగున్నావా?" అనేవాడు. ఆయన ముద్దుగా పిలిచానని, వాళ్ళు మర్యాదగా పిలిచాడని ఇద్దరూ సంతోషించారు. అన్ని పొరపాట్లూ అంత మంచివైతే ఎంత బాగుండేది!

నా ముందు కూర్చున్న అమ్మాయి పేరు ఎస్నాట్. చంటివాణ్ని వీపున గుడ్డతో కట్టుకుని వచ్చేది. మొదటి వారం ఆవిడ కుట్టినది కుట్టులా లేదు, తాగినవాడి నడకలా ఉంది. వర్షాలు మొదలయ్యేసరికి జేబు కుడితే ఇస్సాకే తిప్పి తిప్పి చూసి, "మన రేపల్లె బజార్లో కొట్టు పెడితే నా గిరాకీ మొత్తం లాగేసుద్ది ఈ పిల్ల" అని తెలుగులో గొణుక్కున్నాడు. ఆవిడ పాదాల బరువు నాకు తెలుసు. తొందర లేదు, ఆగడం లేదు. దారం తెగితే నన్ను తిట్టేది కాదు, దారాన్నీ తిట్టేది కాదు, నాలిక చివర తడిపి మళ్ళీ ఎక్కించేది. దారమే ఆధారమని అంత మెత్తగా తెలిసినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

పని నేర్చుకోవడం అయ్యాక మిషన్లు పంచే పండగ చేశారు. అక్కడ జరిగింది అసలు సంగతి. ఇస్సాకు వేదిక మీద నిలబడ్డాడు. మా వైపు ఆడమనిషికి వేదిక మీద ఏదన్నా ఇవ్వాలంటే ముందు ఆవిడ ఇంటాయన్ని పిలుస్తారు, అది మర్యాద. ఇస్సాకు ఆ మర్యాదని పెట్టెలో బట్టలతోపాటు మోసుకెళ్ళాడు. "ఎస్నాట్ వాళ్ళాయన ఎక్కడ? రావయ్యా, ముందుకి రా!" అన్నాడు. లైటన్ వచ్చాడు. సైకిలు మీద మనుషుల్ని ఎక్కించుకుని సంతకీ ఆసుపత్రికీ తిప్పే కుర్రాడు, పెళ్ళాం పండగకని చొక్కా ఉతుక్కుని వచ్చాడు. వేదికెక్కి వెనక్కి తిరిగి భార్య వంక చూశాడు, నువ్వు రావేమన్నట్టు. ఎస్నాట్ ఆడవాళ్ళ మధ్య నేలమీద కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. ఇస్సాకు అతని రెండు చేతులూ పట్టుకుని నా మీద పెట్టి, "ఇదిగో, మీకు అప్పగించాను" అన్నాడు. ఊరంతా చూసింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆ రాత్రి ఇంట్లో లైటన్ నన్ను గోడవార దించి ఒక మాట అన్నాడు. "ఎస్నాట్, ఇది నీది. నేను మోసుకొచ్చానంతే. సైకిలు నాది, బరువు నీది." ఆవిడ నవ్వింది. ఆ మాట విన్నది ఆవిడా, నేనూ. వీపున ఉన్నవాడు నిద్రపోతున్నాడు.

తర్వాత రోజులు బాగా నడిచాయి. రోడ్డు పక్కన బంగాళాదుంపల బకెట్ల వరసలో నన్ను పెట్టుకుని కూర్చునేది. బడి పిల్లల నిక్కర్లు, గాయకబృందానికి ఒకే రంగు గౌన్లు, చిరిగిన సంచులు, ఏదొస్తే అది. ఇంటికి రేకు కప్పారు. కొడుకు కాళ్ళకి చెప్పులొచ్చాయి.

ఒక శనివారం సంతకి మనిషిని ఎక్కించుకుని వెళ్ళిన లైటన్‌ని దుంపల లారీ గుద్దింది. ఇంటికి తెచ్చినప్పుడు అతని మీద కప్పిన గుడ్డ అంచు నేను కుట్టినదే.

ఖననం అయిన వారంలోపే లైటన్ అన్న వైసన్ చుట్టాలతో వచ్చాడు. చనిపోయినవాడి వస్తువులు అతని అన్నదమ్ములు పట్టుకుపోవడం అక్కడ కొందరికి పాత అలవాటు. చట్టం ఒప్పుకోదు. కానీ చట్టం పట్నంలో ఉంటుంది, బావగారు ఊళ్ళో ఉంటాడు. సైకిలు, రేకు, దుప్పట్లు అన్నీ పోయాయి. ఎస్నాట్ దేనికీ అడ్డం రాలేదు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం వచ్చి నా మీద చెయ్యి వేసి నిలబడింది.

"బావగారూ, ఇది మాత్రం ఆయనది కాదు. నేను నేర్చుకున్న పనికి నాకిచ్చారు. దీంతోనే వీణ్ని పెంచుకోవాలి."

"నీకిచ్చారా?" అన్నాడు వైసన్. "మా తమ్ముడి చేతుల్లో పెట్టారు. నువ్వు కింద కూర్చుని చప్పట్లు కొట్టావు. నేనూ కొట్టాను."

పంచాయితీ పెట్టారు. నన్ను మోసుకెళ్ళి మధ్యలో నిలబెట్టారు. ఒక పక్క వాళ్ళు, ఒక పక్క ఈవిడ, నడుమ ముద్దాయిలా నేను. ఊరిపెద్ద నెమ్మదైన మనిషి, ఎవర్నీ కసురుకోడు. "ఆ రోజు మిషను ఎవరి చేతికిచ్చారు?" అని అడిగాడు. అందరూ నిజమే చెప్పారు. అదే వచ్చిన చిక్కు, ఒక్కరైనా అబద్ధమాడి ఉంటే దొరికిపోయేవారు. ఎస్నాట్ "ఆయనే నాతో అన్నాడు, ఇది నీదని" అంది. ఎవరు విన్నారని అడిగారు. నేను విన్నాను. కాలు వేసి తొక్కితే తప్ప చప్పుడు చెయ్యలేని దాన్ని, ఏం చెప్పను?

ఇస్సాకు ఆ వారమే ఇంటికి బయల్దేరాల్సినవాడు. చెమటలు కక్కుతూ లేచాడు. "పెద్దయ్యా, తప్పు నాది. మిషను అమ్మాయిదే. మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఏదిచ్చినా గౌరవం కోసం ఇంటాయన్ని పిలుస్తాం. అందుకని పిలిచాను. అంతకు మించి ఏమీ లేదు."

ఊరిపెద్ద తలూపాడు. "మీ ఊళ్ళో ఇంటాయన చేతికిచ్చింది ఎవరిదవుతుంది సారూ?"

ఇస్సాకు నోరు తెరిచాడు. సలోమి కుట్టిన రవికల డబ్బు ఎవరి జేబులోకి వెళ్ళేదో గుర్తొచ్చినట్టుంది, మూసేశాడు.

"మా ఊళ్ళోనూ అంతే" అన్నాడు ఊరిపెద్ద. దేశాలు రెండు, సముద్రం ఒకటి, మర్యాద మాత్రం అచ్చం ఒకే కొలతకి కత్తిరించారు.

పోలీసుల దగ్గరికి వెళ్దామన్నాడు ఇస్సాకు. ఎస్నాట్ వాళ్ళమ్మ వద్దంది. "రేపు వీడికి జ్వరమొస్తే మొయ్యడానికి పెదనాన్న కావాలి. మిషను మొయ్యదు." కొత్తది ఇవ్వమని ఇస్సాకు సంస్థని బతిమాలాడు. మనిషికి ఒకటే అని వాళ్ళ నియమం, పైగా ఆ ఏడు డబ్బంతా బావులకి మళ్ళింది. అయితే తర్వాతి పండగ నుంచి మిషన్లు ఆడపిల్లల చేతికే ఇస్తున్నారట. నా వల్ల నియమం కుదుటపడింది. నేనే కుదుటపడలేదు.

వైసన్ ఇంట్లో ఎవరికీ కుట్టు రాదు. ఒకసారి తనే కూర్చుని తొక్కితే సూది వేల్లో దిగింది. కుట్టడమే గాని కుట్రలు తెలియని దాన్ని, కావాలని చెయ్యలేదు. కావాలని చెయ్యలేదనే అంటున్నాను. ఆ తర్వాత నా బెల్టు విప్పి, తల బల్ల లోపలికి మడిచి, పైన టీవీ పెట్టారు. ఎస్నాట్ ఇతరుల మొక్కజొన్న చేలల్లో కూలికి పోతోందని ఆ ఇంటికొచ్చినవాళ్ళ మాటల్లో విన్నాను.

వైసన్ కూతురు తలీతాకి పెద్ద బడిలో సీటొచ్చింది. రేపు ఉదయానికి యూనిఫాం కావాలి. డెడ్జా దర్జీలందరికీ చేతినిండా పని. వైసన్ భార్య మెలియా ఎవరినీ అడక్కుండా ఎస్నాట్‌కి కబురు పెట్టింది. వచ్చింది. ఎస్నాట్ ముంజేతుల మీద మొక్కజొన్న ఆకు కోసిన గీతలు, అరచేతులు గొడ్డలి పిడిలా. టీవీ దించి, నా తల పైకి తీసి, కిరసనాయిల్‌తో నా కీళ్ళన్నీ కడిగి, బెల్టు తగిలించి, పాదాలు పెట్టింది. పెట్టగానే తెలిసింది నాకు, అదే బరువు. ఆ మధ్యాహ్నం నేను ఎలా తిరిగానో నేను చెప్పకూడదు. వాకిట్లో ఇరుగుపొరుగు చేరారు. ఊరిపెద్ద అటుగా పోతూ ఆగి, కొంతసేపు చూసి, నేల చూస్తూ వెళ్ళిపోయాడు.

మెలియా గుమ్మంలో మొగుడి పక్కన నిలబడి, "ఎవరిదో అందరికీ తెలిసిపోయిందిగా. ఇచ్చెయ్యరాదూ?" అంది.

"నాకు తెలీకనా?" వైసన్ గొంతు తగ్గించాడు గాని తగ్గింది చాల్లేదు. "పంచాయితీలో ఆ సారు మొహం చూసినప్పుడే తెలుసు. ఊరంతా చూస్తుండగా గెలిచాను. ఊరంతా చూస్తుండగా ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

వాకిట్లో అందరూ విన్నారు. ఎస్నాట్ కూడా విన్నది. తల ఎత్తలేదు, దారం కొరికి, గౌను దులిపి తలీతాకి తొడిగింది.

"కింద మడత ఎక్కువ వదిలాను. పొడుగయ్యాక విప్పుకో."

"అప్పుడు మళ్ళీ ఎవరు కుడతారు పిన్నీ?"

"నన్ను పిలు. వస్తాను."

మెలియా చాటెడు పిండి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, సూది పైకెత్తి, గుడ్డని నొక్కిపట్టే నా పాదం కింద చిన్న గుడ్డముక్క మడిచి ఉంచి, బెల్టు విప్పి మేకుకి తగిలించి వెళ్ళిపోయింది.

నా తల మళ్ళీ లోపలికి మడిచారు. టీవీ పైకెక్కింది. ఆ సాయంత్రం ఫుట్‌బాల్. గోలు పడింది. వైసన్ సంతోషం పట్టలేక నా మీద అరచేత్తో చరిచాడు. లోపల నా చక్రం కాస్త కదిలింది. బెల్టు లేదు గనక ఆ కదలిక కాళ్ళదాకా రాలేదు.