పదకొండు పళ్ల చక్రం

రాళ్లగుంట మిట్ట పొద్దున ఆరుగంటలకు లేచి నిలబడుతుంది. ఎండ ముదిరి పదకొండు దాటాక, దావణి దగ్గర ఎద్దు పడుకున్నట్టు ముందుకాళ్లు మడిచి పడుకుంటుంది. ఇక మర్నాటి దాకా లేవదు. అందుకే ఉరవకొండ నుంచి వచ్చే బస్సు పదకొండున్నరకు గానీ పైకి పోదు. మిట్టమీద కొట్టాలు అనే చిన్న పల్లెలో పెళ్లి ముహూర్తాలన్నీ మధ్యాహ్నానికే పెడతారు. రోడ్డు వేసేటప్పుడు పొద్దున కొలిచిన కొలతా, మధ్యాహ్నం కొలిచిన కొలతా కలవకపోతే ఇంజనీరు రెండూ రాసుకొని పోయాడు. ఆయన కూడా ఏమీ అడగలేదు. ఎద్దు లేస్తుంది, పడుకుంటుంది. మిట్టా అంతే.

కొట్టాల్లో ఉండే తల్లులు తొమ్మిదికి కూలికి పోతారు. శెనగచేలో కలుపు తీసేవాళ్లను తీసుకుపోయే ఆటో ఎవరికోసమూ ఆగదు. ఆలోపల అంగన్‌వాడీ తలుపు తెరవకపోతే పదహారుమంది పిల్లలను చేనిగట్టు మీద ఎండలో కూర్చోబెట్టుకోవాలి. ఈ సంగతి తెలిసిన మనిషి కాబట్టి అంగన్‌వాడీ టీచరు హేమావతి పదిహేనేళ్లు పొద్దున ఆరున్నరకే కింద రాళ్లగుంటలో ఇల్లు వదిలి, నిలబడి ఉన్న మిట్టను రెండుగంటలు ఎక్కింది. ఈ ఏడు ఆమె మోకాళ్లు చాలించుకున్నాయి. మిషన్లకు రిపేరు షాపులు ఊరూరా ఉన్నాయి, ఆడదాని మోకాళ్లకు ఎవడు పెట్టాడు?

దాచుకున్నదంతా పోసి బ్యాటరీ బండి తెచ్చుకుంది. మోటరు నుంచి వెనక చక్రానికి చైను ఉండే బండి. ఊళ్లో గువ్వలా పోయింది. మిట్టలో సగం దాకా, దొడ్డగుండు అనే పెద్ద బండరాయి దాకా ఎక్కి, అక్కడ వణికి, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. మిగతా సగం ఆమే దాన్ని తోసుకుంటూ పోయింది. చేరేసరికి తొమ్మిదిన్నర.

పైఆఫీసు వాళ్లు కొత్తగా ఫోన్లో హాజరు పెట్టారు. తొమ్మిదిలోపల కేంద్రం వాకిట్లో నిలబడి ముఖం చూపిస్తే పచ్చ గుర్తు, లేకుంటే ఎర్ర గుర్తు. చల్లని గదిలో కూర్చొని తొమ్మిది అని రాసినవాడికి మిట్ట పదకొండుకు గానీ పడుకోదని ఎవరు చెప్పాలి? సూపర్వైజరు అరుణజ్యోతి మంచి మనిషే. ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. ఈ నెలలో ఇంకొక్క ఎర్ర గుర్తు పడితే కొట్టాల కేంద్రం మూసి కిందిఊరి దాంట్లో కలిపేస్తారట. మూడేళ్ల పిల్లలు రోజూ ఈ మిట్ట దిగి ఎక్కాలి. అంటే ఇక రారు, చేనిగట్టే వాళ్ల బడి.

హేమావతి మొగుడు ఓబులేష్‌కు ఊరి మొదట్లో షెడ్డు ఉంది. ముప్పై ఏళ్లుగా శెనక్కాయలు ఒలిచే మిషన్లు బాగుచేస్తున్నాడు. షెడ్డు తెరిచేది పదికి, ఇంట్లో లేచేది ఎనిమిదిన్నరకు. ఆ మిషన్ ఎవరు తెచ్చినా అడిగేది ఒకటే, ఇంకా జోరుగా తిరగాలని. జోరు కావాలంటే మోటరు వైపు పెద్ద చక్రం వేయాలి. చేతికి అలవాటైన విద్య అది. అదే చేయి బండి మీదా వేశాడు. మోటరు దగ్గర పద్నాలుగు పళ్ల చక్రం తీసి పద్దెనిమిది పళ్లది బిగించాడు. మధ్యాహ్నం షెడ్డు మూసి మిట్టెక్కి చూశాడు. బండి బాణంలా పోయింది. దిగొచ్చి, ఇక నీ కష్టం తీరిందని పెళ్లానికి చెప్పి కడుపునిండా తిని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున బండి దొడ్డగుండు దాకా కూడా పోలేదు. అదృష్టం కొద్దీ ఆ ఒక్కరోజు పైకి పోతున్న ట్రాక్టరువాడు కనబడి, బండికి తాడు కట్టి లాక్కుపోయాడు. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా పచ్చ గుర్తు పడింది.

సాయంత్రం ఆమె ఎక్కలేదంది, అతను ఎక్కిందన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అందుకే తగవు తెగలేదు.

"నేను మజ్జానం ఎక్కినా కదమ్మే. బండి దెయ్యం పట్టినట్ల పాయ. నీకే తోలేది రాదు."

"మజ్జానం మిట్ట పడుకోనుంటాది కదయ్యా. పడుకున్న మిట్ట నేను గూడా ఎక్కుతా, కుంటుకుంటా."

ఓబులేష్‌కు అది తెలియక కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మిట్టే. కానీ జోరు పెంచితే బండి ఎందుకు నీరసపడుతుందో అతని బుర్రకు ఎక్కలేదు. ముప్పై ఏళ్లలో ఏ మిషనూ ఇలా ఎదురు తిరగలేదు. బ్యాటరీ అన్నాడు, గాలి అన్నాడు, మోటరు మోసమన్నాడు. టీ అంగడి దగ్గర నలుగురు చేరి నాలుగు రకాలుగా చెప్పారు. ఇరవైరెండు పళ్లది వెయ్యమని ఒకడు, రెండు బ్యాటరీలు కట్టమని ఇంకొకడు. వాళ్లలో ఒక్కడూ పొద్దున మిట్టెక్కినవాడు కాదు. నోటికి ఎత్తూ పల్లమూ ఏముంది?

రాత్రికి ఓబులేష్ చక్రాలన్నీ వాకిట్లో పరిచి కూర్చున్నాడు. ముందుది పెద్దదా, వెనకది పెద్దదా? ఒకసారి అటు, ఒకసారి ఇటు. పక్కింటి నల్లమ్మ గడప మీద కూర్చొని చూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. వాళ్లది గానుగాడించిన ఇల్లు.

"ఓబులేషూ, మా గానుగెద్దును చూసినావా నువ్వు?"

"చూడకేమవ్వా. చిన్నప్పుడు దాని ఎనకాలే తిరిగినా."

"ఎద్దు ఇల్లంత చుట్టు తిరుగుతాది. రోకలి యాడ తిరుగుతాది? ఈ అరచెయ్యంత చోట్లో. అందుకే కాయ పిండై నూనె కారేది. ఎద్దును కురచగా తిప్పి రోకలిని పరిగెత్తియ్యమంటే ఎద్దు సస్తాది, నూనె రాదు. నీ మోటరు ఎద్దు నాయనా. దానికి నడక ఎక్కువియ్యి, బండికి తక్కువియ్యి."

ఓబులేష్ చేతిలోని చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత లేచి పద్దెనిమిది పళ్లది ఊడదీశాడు. మోటరు దగ్గర పదకొండు పళ్ల చక్రం వేశాడు. వెనక ముప్పైయారు తీసి, పాత మోటరుసైకిల్‌ది నలభైయెనిమిది పళ్లది కొత్తగా బెజ్జాలు వేసి బిగించాడు. చైను చాలక ఇంకో ముక్క అతికించాడు. మోటరు నాలుగుసార్లకు పైగా తిరిగితే గానీ చక్రం ఒక్కసారి తిరగదు. చేస్తున్నంతసేపూ ఇది తప్పని అతని చేతులు చెబుతూనే ఉన్నాయి.

పొద్దున ఏడుకు హేమావతి బయల్దేరింది. బండి నడక చూసి ఆమెకే సిగ్గేసింది. గొర్రెలు దాటిపోయాయి. కాపరి తిప్పేష్ పక్కనే నడుస్తూ, దిగి నడువక్కా, తొందరగా పోతావు అని ఎగతాళి చేశాడు. కానీ బండి ఆగలేదు. చైను టిక్కుటిక్కుమంటూ, బరువు లాగే ఎద్దు అడుగులో అడుగేసినట్టు ఎక్కుతోంది. వాసన లేదు, వణుకు లేదు. దొడ్డగుండు వచ్చింది. ఆమె అలవాటుగా కాలు కింద పెట్టబోయింది.

నేల కిందికి జారింది. మిట్ట ముందుకాళ్లు మడుస్తోంది. మెల్లగా, వీపు మీద ఉన్న మనిషి తూలకుండా. తిప్పేష్ గొర్రెలను ఒక పక్కకు తోలుకున్నాడు. ఎనిమిదికి మిట్ట పడుకుంది.

ఎనిమిదిన్నరకు ఫోన్లో పచ్చ గుర్తు పడింది. ఆ నెలలో మరి ఎర్ర గుర్తు పడలేదు. కేంద్రం నిలబడింది. అయినా ఊళ్లో తగవు మాత్రం లేచింది. పదకొండు పళ్ల పనితనమే అని ఓబులేష్ అన్నాడు, మిట్టే వంగిందని నల్లమ్మ అంది. టీ అంగడిలో రోజూ అదే మాట. హేమావతిని అడిగితే పిల్లలు ఆకలికి ఏడవకముందే పోతున్నాను, నాకదే చాలంది. ఓబులేష్‌కు చాలలేదు. తన చక్రమో, మిట్టో తేలాలి.

ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఏడుకే లేచి బండి తీశాడు. మిట్ట నిటారుగా నిలబడి ఉంది. యాభైరెండేళ్ల వయసులో పొద్దుటి మిట్టను అతను కింద నుంచి చూడడమే గానీ ఎక్కడం అదే మొదలు. బండి ఎక్కింది. మూలుగుతూ, వేడెక్కుతూ ఎక్కింది. చక్రం తప్పు కాదని తేలింది. కానీ మిట్ట అతని కోసం వంగలేదు. దొడ్డగుండు దగ్గర బండి చల్లారడానికి ఆపాడు.

గుండు పక్కన రాతి మీద గుంట పడి ఉంది. మనిషి కూర్చునేంత గుంట, నున్నగా అరిగి ఉంది. పక్కనే సందులో ఒక ఊతకర్ర. దానికి చుట్టి ఉన్నాయి, మోకాళ్లకు కట్టుకునే పాత గుడ్డపేలికలు. అందులో ఒకటి అతని పంచె అంచు. అతను గుంటలో కూర్చొని కిందికి చూశాడు. తన ఇల్లు అగ్గిపెట్టెంత కనబడుతోంది. పదిహేనేళ్లు ఆమె ఇక్కడ ఆయాసం తీర్చుకుంటున్న వేళకు తను ఆ పెట్టెలో ముసుగు తన్ని పడుకున్నాడు. ఆ రోజు పదకొండుకు మిట్ట పడుకునే దాకా అతను ఆ గుంటలోంచి లేవలేదు.

ఆ సాయంత్రం టీ అంగడిలో మళ్లీ అడిగారు, చక్రమా, మిట్టా అని.

"నాకు తెల్దప్పా" అన్నాడు ఓబులేష్.

సోమవారం హేమావతి సంచీ తీసుకొని వాకిట్లోకి వచ్చేసరికి ఇంకా ఏడు కాలేదు. మొగుడు బండి పక్కన నేలమీద మోకాళ్లు ఆనించి కూర్చొని ఉన్నాడు. చేతిలో నూనె గిన్నె. ఒక్కో పన్నూ వేలితో తడుముతూ చైనుకు నూనె పెడుతున్నాడు. అవతల మిట్ట నిలబడి చూస్తోంది.

"ఎంతసేపయ్యా, పొద్దు పోతాండాది."

"ఉండమ్మే" అన్నాడు అతను, తలెత్తకుండా. "ఇంగ రెండు పళ్లు ఉండాయి."