పరీక్షకు దాచిన గడ్డం

నాన్న గడ్డానికి ఇంత గిరాకీ వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అమ్మ పోయాక ఆయన గీసుకోవడం మానేశాడు. ఒట్టు పెట్టుకునీ కాదు, పంతం పట్టీ కాదు. అద్దం ముందు నిలబడటానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా, అది కనబడలేదంతే.

ఆయన కూతురు చిట్టి సెలూన్‌లో పని నేర్చుకుంటోంది. చివరి పరీక్షకు ఎవరి మనిషిని వాళ్ళే వెంటబెట్టుకుని వెళ్ళాలి. గుబురుగా పెరిగిన గడ్డాన్ని పరీక్షకుల ఎదురుగా కత్తెరతో దించి, కత్తితో నున్నగా గీసి చూపించాలి. పాసైతే సెలూన్‌లో కిటికీ పక్క కుర్చీ తనది. లేకపోతే మళ్ళీ ఏడాదిపాటు కింద పడ్డ వెంట్రుకలు ఊడవడమే. తోటివాళ్ళంతా గడ్డాల కోసం బావల్నీ స్నేహితుల్నీ బతిమాలుకుంటుంటే, పని నేర్పే మాస్టరు నాన్నను చూసి పొంగిపోయాడు.

"పరీక్ష అయ్యేదాకా దాని జోలికి వెళ్ళకండి. దురదపెట్టినా ఓర్చుకోండి" అన్నాడు.

నాన్న సరేనన్నాడు. ఈమధ్య ఆయన దేనికైనా సరేనంటున్నాడు.

సాధన బెలూన్ల మీద. బెలూన్‌కి నురగ పూసి, పేలకుండా కత్తితో గీయాలి. పేలిందంటే ఎవరిదో చెంప తెగినట్టే లెక్క. మిగతావాళ్ళ బెలూన్లు టపటపా పేలుతుంటే సెలూన్ అంతా నవ్వులు. చిట్టిది పేలేది కాదు. "ఆ అమ్మాయి నిబ్బరం చూసి నేర్చుకోండి" అని మాస్టరు అందరికీ చెప్పేవాడు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. చిట్టికి లోపల ఏమీ లేదు. అమ్మ పోయిన రోజు కూడా ఏడుపు రాలేదు. ఎదురుగా ఉన్నప్పుడు పిన్ని దాన్ని గుండె ధైర్యం అంది, పక్కగదిలోకి వెళ్ళి ఇంకేదో అంది. రెండూ చిట్టికి వినబడ్డాయి, రెండూ ఎవరి గురించో అన్నట్టే అనిపించాయి.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం చిట్టి వంటగది బల్ల మీద తువ్వాలు పరిచి కత్తెరలు తుడుచుకుంటోంది. నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రాత్రి మీ అమ్మ కల్లోకి వచ్చింది" అన్నాడు.

"ఏమంది?"

"ఏమంటుంది. గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసి, ఎవరండీ మీరు, ఆయన లేరా అంది. నేనేనే అంటుంటే వినిపించుకోకుండా వెళ్ళిపోయింది." గడ్డం నిమురుకున్నాడు. "ఎప్పుడూ చూడలేదు కదా దీన్ని."

చిట్టి ఇంకో కత్తెర అందుకుని తుడిచింది.

"పరీక్ష రేపేగా. ఆగుతాలే. కానీ ఇవాళ మళ్ళీ వస్తే ఏం చెయ్యను?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. జవాబు కోసం చిన్నపిల్లాడిలా కూతురి ముఖంలోకి చూస్తున్నాడు. చిట్టికి కిటికీ పక్క కుర్చీ గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, లేచి స్టౌ మీద నీళ్ళు పెట్టింది.

కత్తెరతో దించి, నురగ పూసి, కుడి చెంప గీసింది. గడ్డం కింద చెంప లోపలికి పీక్కుపోయి ఉంది. ఇన్నాళ్ళుగా ఆయన సరిగ్గా తినడం లేదని చిట్టికి అప్పుడు తెలిసింది. రోజూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నారు మరి. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. ఎడమ చెంప మొదలుపెట్టింది.

అంతా అయ్యాక నాన్న అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. "ఇప్పుడు గుర్తుపడుతుంది" అని, అంత ఎండవేళ గదిలోకి వెళ్ళి, దుప్పటి గొంతుదాకా లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. ముఖం మాత్రం గుమ్మం వైపు పెట్టుకున్నాడు.

సాయంత్రం మాస్టరు ఫోన్ చేశాడు.

"పొద్దున్నే నాన్నగారిని తీసుకొచ్చెయ్యి. గడ్డం భద్రమేనా?"

"తీసేశానండీ."

"ఏడాది పోయినట్టే, తెలుసా?"

"తెలుసండీ."

"బుద్ధుందా నీకు? ఆయన్నొకసారి పిలువు, నేను మాట్లాడతాను."

చిట్టి గది వైపు చూసింది.

"నిద్రపోతున్నారండీ" అంది. "లేపను."