ఆకుపచ్చ బండాయన

మా కార్ల క్లబ్బులో ఎవరికీ పేరుండదు. పాత కార్ల పిచ్చి పట్టిన ఇరవైమందిమి ఆదివారం పొద్దున షెడ్డు దగ్గర చేరతాం, బండిని బట్టే ఒకరినొకరు పిలుచుకుంటాం. ఎర్రబండాయన, టాపులేనాయన, రెండు తలుపులాయన. నేను నల్లబండిని. ఒకసారి టాపులేనాయన కూతురి శుభలేఖ పోస్టులో వస్తే, మీది ఆయన అసలు పేరు చూసి, ఎవరిదో పొరపాటున వచ్చిందని పక్కన పడేశాం.

లెక్కలు తొమ్మిదేళ్ళుగా నావే. పైసా తేడా రాదని కాస్త పొగరు కూడా ఉండేది, ఒప్పుకుంటాను. మూడు నెలలు చందా ఎగ్గొట్టినవాడి బండి షెడ్డులోంచి వెళ్ళిపోవాలన్న రూలు పట్టుబట్టి పెట్టించింది నేనే. అద్దె ఎవడి జేబులోంచి కడతాం మరి? చందా పుస్తకంలో బండికో పేజీ, దాని మీద ఫోను నంబరూ ఇంటి అడ్రసూ ఉంటాయి.

ఆకుపచ్చ బండాయన రిటైరైన డ్రాయింగ్ మేస్టారు. పద్నాలుగేళ్ళుగా మొదటి ఆదివారమే చందా చేతిలో పెట్టేవారు. బండిని తన పాత బనీన్లతోనే తుడిచేవారు, ఇంకెవరి గుడ్డా తగలనిచ్చేవారు కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి రావడం మానేశారు. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంటికెళ్ళి చూద్దామని మాలో ఒక్కడికీ తట్టలేదు. సరిగ్గా అప్పటినుంచే, ఎవరో ఒకావిడ పేరుతో చందా అంత డబ్బు నెలనెలా బ్యాంకులో పడుతోంది. మీటింగులో ఆ పేరు చదివితే అందరూ తెల్లమొహాలు వేశారు. పుస్తకం చివరి పేజీలో 'ఎవరిదో' అని రాసి, కింద ఆ పేరుతో జమ చేశాను. మేస్టారి పేజీ, ఈ పేజీ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లకైనా తెలిసేది. నేను చూడలేదు. మూడు నెలలు దాటగానే బండి తీసేయమని, 'ఆకుపచ్చ బండి యజమానికి' అని రాసి మేస్టారింటికి నోటీసు పంపాను.

పదిరోజులకి లారీ వచ్చి బండిని ఎక్కించుకుపోయింది. ఆయన రాలేదు. ఒక్క మాటైనా చెప్పకుండా పోవడమేంటని నాకు ఒళ్ళు మండింది. ఆయన పేజీ మీద ఎర్రసిరాతో అడ్డగీత కొట్టేశాను.

తర్వాతి నెల ఒక పెద్దావిడ రసీదుల కట్టతో షెడ్డుకి వచ్చింది.

"లెక్కలు చూసేది మీరేనా అన్నయ్యా? ఆకుపచ్చ కారు మాదే. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. బ్యాంకు పనులన్నీ నా నెత్తినే పడ్డాయి. చందా మాత్రం తప్పకుండా పంపుతూనే ఉన్నాను, బండి వెళ్ళిపోయినా ఈ నెల కూడా."

రసీదు మీద పేరు చూశాను. నెలనెలా బ్యాంకులో పడుతున్న పేరే.

"మరి నోటీసు వచ్చినప్పుడు అడగలేదేమమ్మా?"

"అడుగుతానంటే ఆయన పడనివ్వలేదు. 'డబ్బు కడుతున్నా పంపారంటే, ఇంక నేను తోలలేనని వాళ్ళకి తెలిసిపోయిందే. మర్యాదగా పొమ్మన్నారు' అన్నారు. వచ్చిన రేటుకి బండి అమ్మేశాం. అప్పట్నుంచి సరిగ్గా తినడం లేదు. ఎవరూ మిమ్మల్ని వెళ్ళగొట్టలేదండీ అంటే నమ్మరు. పుస్తకంలో ఆయన పేరున్న పేజీ చూపించండి, ఫొటో తీసుకెళ్తాను. అదైనా చూస్తే నమ్ముతారేమో."

పుస్తకం తెరిచాను. ఆయన పేరు ఏ పేజీలోనూ లేదు. 'ఆకుపచ్చ బండి' అని ఉంది, దాని మీద ఎర్రగీత ఉంది. ఆ పుస్తకం మొత్తంలో మనిషి పేరంటూ ఉన్నది ఒక్కటే. చివరి పేజీలో, 'ఎవరిదో' అన్న మాట కింద, ఆవిడది.

"ఆయన పేరేంటమ్మా?" అన్నాను.

ఆవిడ ఫొటో కోసం తీసిన ఫోను దించేసింది. పేరు చెప్పింది. ఫోను సంచిలో పెట్టేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కొత్త పేజీ తీసి, ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసి, పద్నాలుగేళ్ళ చందా కింద ఎక్కించి వాళ్ళింటికి వెళ్ళాను. మేస్టారు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. తప్పంతా నాదేనని చెబుతుంటే ఏడుపు ఆగలేదు. సిగ్గుపడలేదు కూడా. పుస్తకం తెరిచి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఎడమచేత్తో కళ్ళజోడు సర్దుకుని పేజీ చదివారు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"బాగా రాశారు. కానీ బండి లేదు కదా. ఈ పేరు చెబితే నన్ను మీలో ఎవరు గుర్తుపడతారు, నల్లబండిగారూ?"