నిచ్చెన ఉందా?

మూడో గదిలో ఏదో గిన్నె గోడకి కొట్టుకుని, కిందపడి, దొర్లి దొర్లి ఆగింది. ఇస్త్రీ అక్క చేతిలో పెట్టె చొక్కా కాలరు మీద ఆగిపోయింది.

హోటలువాళ్ళ బట్టల మూట సాయంత్రంలోగా అందాలి. పొద్దున్నుంచి నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అయినా వేరే ఎవరి గదిలో ఆ చప్పుడైనా ఈపాటికి ఆవిడ కాలు నిలిచేది కాదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలాపి ఆవిడ వైపే చూస్తున్నారు. మూడో గది ఆవిడ తమ్ముడిది.

ఆ సందులో ఒక పద్ధతుంది. పెట్టింది కూడా ఇస్త్రీ అక్కే, ఆస్పత్రిలో ఆయాగా చేసి మానుకున్న ఆయమ్మతో కలిసి. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి మీద చెయ్యి లేస్తున్న చప్పుడైతే, విన్నవాళ్ళు వెళ్ళి తలుపు తట్టి "నిచ్చెన ఉందా?" అని అడగాలి. మంచం వేస్తే మనిషి తిరగడానికి చోటుండని ఆ గదుల్లో నిచ్చెన ఎవరికుంటుంది? లోపలి మనిషి "లేదు" అంటే గొడవ సద్దుమణిగింది, వెళ్ళిపోవచ్చని. "ఉంది" అంటే కదలొద్దు, ఇంకొందరిని పిలవమని. మొగుళ్ళకి ఈ గుట్టు అంతుపట్టలేదు. తమ ఆడవాళ్ళకి నిచ్చెనల పిచ్చి పట్టిందని నవ్వుకునేవారు. గుమ్మంలో మూడో మనిషి కనబడగానే లేచిన చెయ్యి ఎలాగూ దిగుతుంది. అలా చాలా ఇళ్ళకి గండం తప్పింది.

అలాంటి సందులోకి ఆవిడ తమ్ముడు నిజం నిచ్చెనతో వచ్చి దిగాడు. వాడు గోడలకి రంగులేస్తాడు. తాగి తాగి మనిషి కాకుండా పోతుంటే ఆవిడే మందు మాన్పించే కేంద్రంలో చేర్పించి, బాగయ్యాక తన కళ్ళెదుట ఉంటాడని ఆ గది ఇప్పించింది. వారానికోసారి యూనియన్ గదిలో మందు మానినవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుంటారు. వాడు ఒక్కసారీ ఎగ్గొట్టలేదు, మళ్ళీ చుక్క ముట్టలేదు. పుట్టింట్లో ఉన్న పెళ్ళాం కూడా తిరిగొచ్చింది. కుళాయి దగ్గర ఆమెకి ఈ నిచ్చెన మాట చెప్పి అందరూ పడీపడీ నవ్వారు.

"నీ ఇంట్లో నిజంగానే ఉందే నిచ్చెన! నీకు వేరే మాట పెట్టాలి" అంది ఆయమ్మ.

"మా తమ్ముడింట్లో ఆ అవసరం రాదులే" అంది ఇస్త్రీ అక్క. ఆ ధీమా ఆవిడకి ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, వేరే మాట మాత్రం ఎవరూ పెట్టలేదు.

నిన్న ఆ గదిలోంచి మొదటిసారి చప్పుడొచ్చింది. అక్క వెళ్ళి అడిగింది. "ఉంది వదినా" అంది మరదలు లోపల్నుంచి. అంతలోనే తమ్ముడు నవ్వుతూ నిచ్చెన తెచ్చి చేతికిచ్చాడు. ఎందుకక్కా అంటే బల్బు మార్చాలంది. ఇంట్లో నిచ్చెన ఉంది కాబట్టి ఉందన్నదంతేనని తనకి తాను చెప్పుకుంటూ మోసుకొచ్చేసింది. ఈ పొద్దున తిరిగిస్తుంటే మరదలు తలెత్తలేదు. జాకెట్టు చేతులు కిందికి లాక్కుంటూ "బల్బు మార్చావా వదినా?" అని మాత్రం అడిగింది.

ఆయమ్మ వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన నిలబడింది.

"విన్నావా?"

"విన్నా."

"మరి?"

"నువ్వెళ్ళు ఆయమ్మా. ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాడు. నేనే వెళ్ళి నలుగురిలో వాడి పరువు తీస్తే మళ్ళీ సీసా పట్టుకుంటాడు."

"మందు మానాడు. చెయ్యి మానలేదు. రెండూ ఒకటేననుకున్నాం మనం." ఆయమ్మ గొంతు తగ్గించింది. "నిన్న నువ్వు నిచ్చెన మోసుకొస్తుంటే చూశా. నిజంగానే బల్బు పోయిందేమో అనుకుందామని చూశా. నావల్ల కాలేదు."

అక్కకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టెని పక్కన నిలబెట్టి, చేతులు చీరకి తుడుచుకుని బయల్దేరింది. ఆ నాలుగడుగుల దూరం ఎంతకీ తరగలేదు.

తలుపు తట్టింది. "నిచ్చెన ఉందా?"

లోపల అలికిడి ఆగిపోయింది.

"ఉంది వదినా" అంది మరదలు. "నిన్న కూడా ఉంది."

తలుపు తీసుకుని తమ్ముడు నిచ్చెన భుజాన వేసుకునే వచ్చాడు. మొహాన నవ్వుంది కానీ ఊపిరి ఎగదన్నుతోంది. "ఇందక్కా. మళ్ళీ బల్బు పోయిందా?"

"నాకు నిచ్చెనొద్దురా." అక్క వాడి భుజం మీదుగా లోపలికి చూసింది. "అమ్మాయ్, బయటికి రా."

మరదలు ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుని, గోడకి ఒరుసుకుంటూ వాణ్ణి దాటి వచ్చింది. వెనక్కి తిరిగి చూడకుండా ఆయమ్మ వెంట సందు చివరి గది వైపు నడిచింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" తమ్ముడి గొంతు మారింది. అక్కకి దగ్గరగా జరిగి, చిన్నప్పుడు జ్వరంలో పిలిచినట్టు పిలిచాడు. "అక్కా. తను పోతే నేనుండలేను. మళ్ళీ తాగుతా. తర్వాత నన్నంటే లాభం లేదు."

ఎక్కడ నొక్కితే అక్క విలవిల్లాడుతుందో వాడికి బాగా తెలుసు. మురిక్కాలవ పక్కన పడున్నవాణ్ణి ఎత్తి తేవడం, కక్కింది కడగడం, కేంద్రం గేటు బయట కూర్చుని ఏడవడం, అన్నీ ఆవిడ కళ్ళముందు తిరిగాయి. మళ్ళీ ఆ రోజులంటే ఆవిడకి చచ్చేంత భయం. సరేరా, తీసుకొస్తాలే అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"తాగితే మళ్ళీ నేనే మోసుకెళ్ళి చేర్పిస్తా" అంది. "కానీ నువ్వు తాగకుండా ఉండటానికి ఆ పిల్ల దెబ్బలు తినదు."

వాడు నిచ్చెన భుజాన సర్దుకుని ఆయమ్మ గది వైపు కదిలాడు. రోజూ పొద్దున వాడు నిచ్చెనతో వస్తుంటే అందరూ గుమ్మాల్లోకి ఒదిగి దారిచ్చేవారు. సందు అంత ఇరుకు. ఇవాళ ఆడవాళ్ళు కుళాయి దగ్గర్నుంచి వచ్చి, బిందెలు కింద పెట్టి, దారిలోనే నిలబడ్డారు.

"జరగండి, పనికి పోవాలి."

"పని అటు కదా తమ్ముడూ" అంది ఒకావిడ, వీధి వైపు చూపిస్తూ. నవ్వకుండా అంది.

వాడు ఇంకో అడుగు వేయబోయాడు, నిచ్చెన కదల్లేదు. వెనకనున్న కొసని అక్క రెండు చేతులా పట్టుకుంది. పని నేర్చుకునే రోజుల్లో వాడికి ఎత్తంటే వణుకు. ఆవిడ కింద నిచ్చెన కాళ్ళు పట్టుకుని నిలబడితే గానీ ఎక్కేవాడు కాదు. మెట్టు మెట్టుకీ "పట్టుకున్నావా అక్కా?" అని అడిగేవాడు.

"వదులక్కా."

"దించరా. దించి కూర్చో. యూనియన్ గదిలో మీవాళ్ళని ఇప్పుడే పిలిపిస్తా. పెళ్ళాన్ని కొట్టానని వాళ్ళకి నీ నోటితో నువ్వే చెప్పు."

"వదులు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

సందు చివర ఆయమ్మ గది తలుపు మూసుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడు అందరికీ వినబడింది. వాడు నిచ్చెన దించలేదు. ఆవిడా వదల్లేదు.