పన్నెండు అంగుళాల మెలిక

నా నోరు ఊరుకోదు. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటాయి కదా, ఆ మెలిక తక్కువున్న తుపాకీలో పొడుగు తూటా వేస్తే అది తిన్నగా పోదనీ, గాల్లో పల్టీలు కొట్టి అడ్డంగా తగులుతుందనీ పోయినవారం కాఫీ హోటల్లో వాగాను. పక్క బల్ల దగ్గర వెర్లిన్ ఉన్నాడని చూసుకోలేదు. మర్నాడే నా తుపాకుల కొట్టుకొచ్చాడు, ఒక చేతిలో కింది మీట (లివర్) లాగి తూటా ఎక్కించే తన తుపాకీ, ఇంకో చేతిలో చచ్చిపోయిన తమ్ముడి కోటు.

ఆ కోటు సంగతి మా మోంటానా లోయంతా ఎరుగుదురు. వెర్లిన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు తండ్రీ ఇద్దరు కొడుకులూ ఎల్క్ దుప్పుల వేటకి పోయారు. తండ్రీ వెర్లినూ ఒకే పెట్టెలోని పొడుగు తూటాలు వేసుకుని, ఒకే దుప్పి మీద ఒకేసారి కాల్చారు. దుప్పి పారిపోయింది. మంచులో అవతల తమ్ముడు డార్సీ పడి ఉన్నాడు. “నీదే తగిలిందిరా” అన్నాడు తండ్రి. ఆ కోటు తెచ్చి వెర్లిన్ కుర్చీకి ఎదురుగా గోడకి తగిలించాడు కూడా, పాపిష్టివాడు. అప్పట్నుంచీ వెర్లిన్ పెళ్లి చేసుకోలేదు, అడవి మొహం చూడలేదు. పొద్దుగూకితే ఆ కోటు చేతులు తనని పిలుస్తాయంటాడు.

కోటు నా బల్ల మీద పరిచాడు. వీపు మీద చిల్లు గుండ్రంగా లేదు. తూటా అంత పొడుగున అడ్డంగా చిరిగి ఉంది. తూటా పల్టీ కొట్టి తగిలిన గుర్తది.

“తూటా అడ్డం తిరగడానికి మధ్యలో ఏ కొమ్మో రెమ్మో తగల్లేదు కదా?”

“ఉత్త మంచేనక్కా. ఇది నేనారోజు కాల్చిన తుపాకీయే, దీని మెలిక కొలిచి చూడు. నేనే అని తేలితే తేలనీ. తెలియకుండా మాత్రం చావలేను.”

ఈ రకం తుపాకీకి వెనక మూసుకుని ఉంటుంది, మూతిలోంచే కొలవాలి. గొట్టం తుడిచే కడ్డీ కొసకి బిగుతుగా గుడ్డ చుట్టి తోస్తే, లోపలి గాళ్ల వెంట కడ్డీ తిరుగుతుంది. ఒక చుట్టు తిరిగేలోగా ఎన్ని అంగుళాలు పోతే అదీ మెలిక. వెర్లిన్ తన కడ్డీయే తెచ్చుకున్నాడు. దాంతో ఇరవై వచ్చింది, అంటే మెలిక తక్కువన్నమాట.

“అనుకున్నాలే” అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఆగవయ్యా, తొందరేంటి? నీ కడ్డీ పిడి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పిడిలో కడ్డీ తిరక్కపోతే గుడ్డ గాడి తప్పి జారిపోతుంది. ఈ దిక్కుమాలిన కడ్డీతో కొలిస్తే ఎవరి లెక్కయినా తప్పుతుంది.”

నా కడ్డీతో కొలిచాను. పన్నెండు. మళ్లీ కొలిచాను. పన్నెండే. అది గట్టి మెలిక. ఆ తూటా ఇందులోంచి తిన్నగా పోతుంది, గుండ్రటి చిల్లే పడుతుంది.

“నువ్వు కాదు నాయనా” అన్నాను. నాకే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల బరువు దిగిందనుకున్నాను.

వెర్లిన్ కదల్లేదు. “నాన్న ఆనాటి తన తుపాకీ నీ దగ్గరే బాగుచేయించాడుగా. దానిదెంత?”

అప్పటిదాకా నా బుర్రకి తట్టనే లేదు. అబద్ధం చెబుదామనుకున్నాను, రాలేదు.

“ఇరవై.”

“తుపాకుల సంగతి ఆయనకి తెలియనిదేముంది” అన్నాడు నెమ్మదిగా. “ఆ చిల్లు చూసినప్పుడే తన తూటాయేనని తెలిసుంటుంది.”

వెర్లిన్ టోపీ పెట్టుకుని లేచాడు.

“ఇప్పుడాయనకి కళ్లు కనపడవక్కా. చేతులు వణుకుతాయి. నేను తినిపిస్తేనే తింటాడు. వేళయింది, వెళ్లాలి.”